కళ్ళంలో గింజలు, పేజీలో ప్రశ్నలు

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు వస్తుంది. చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉన్న ఊరు. దాన్ని ఆనుకునే కొత్తరెడ్డిపాలెం. కృష్ణా కాలువల నీటితో వరి పండే ఈ నేల మీద, ఎక్కువమంది కూలిపనులతో బతికే ఒక పేటలో శనివారం పూట హీబ్రూ ప్రార్థన వినిపిస్తుంది. తమను బెనె ఎఫ్రాయిం అని పిలుచుకునే తెలుగు యూదులు వీళ్ళు. ఇక్కడ నలభై కుటుంబాల వరకూ ఉంటాయి. మచిలీపట్నం వైపు మరికొందరున్నారు. పుట్టుకకు మాదిగలు. ముందు తరాలవాళ్ళు బాప్టిస్టు సంఘాల్లో చేరారు. 1980ల చివర్లో షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో, తాము ఇశ్రాయేలీయుల గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయిం సంతతి అని వీళ్ళు ప్రకటించుకున్నారు. 1990ల తొలినాళ్ళలో ఊళ్ళో సినగాగు, అంటే యూదుల ప్రార్థనామందిరం, వెలిసింది.

వీళ్ళ వంశావళి గురించి పండితుల్లో చర్చ ఉంది. ఈశాన్య భారతానికి చెందిన బ్నెయ్ మెనాషె అనే సమాజాన్ని ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (మతగురువు) ఒకరు 2005లో ఇశ్రాయేలీయుల సంతతిగా గుర్తించారు గానీ, మనవాళ్ళకు అలాంటి గుర్తింపు రాలేదు. ఈ సమాజం గురించి యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ రాసిన పుస్తకం 2013లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెలువడింది. కులం, మతం, ఆత్మగౌరవం ఎలా పెనవేసుకున్నాయో తెలుసుకోవాలంటే అది చదవాలి. ఈ వ్యాసం విషయం వేరు. కొత్తరెడ్డిపాలెం పిల్లలు ఏ చదువు గుమ్మం దగ్గర నిలబడ్డారో, ఆ చదువులోని పనితనం ఏమిటో దగ్గరగా చూడాలని దీని ఉద్దేశం.

ఈ సమాజానికి సొంత హైస్కూలు లేదు. పిల్లలు మిగతా ఊరి పిల్లలతో పాటు మామూలు బడికే వెళ్తారు. మన బడులకు శనివారం పనిదినం. యూదులకు అది ఏ పనీ చేయకూడని విశ్రాంతి దినం. ఆ చిక్కుతోనే నెట్టుకొస్తూ, హీబ్రూ అక్షరాలు ముందు నేర్చుకున్నవాళ్ళు చిన్నవాళ్ళకు నేర్పుతూ వచ్చారు. అమెరికాలోని కులాను అనే సంస్థ తరఫున స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చి హీబ్రూ, పండుగల ఆచారాలు చెప్పి వెళ్ళారు. జీతాలిచ్చే యాజమాన్యం లేకుండా, పరీక్షల బోర్డు లేకుండా సాగిన చదువు ఇది.

మన దేశంలో యూదుల సొంత హైస్కూళ్ళకు మంచి చరిత్రే ఉంది. బొంబాయిలో హయీమ్ శామ్యూల్ కెహిమ్‌కర్ 1875లో మొదలుపెట్టిన ఇజ్రాయెలైట్ స్కూలు తర్వాత సర్ ఎలీ కదూరీ స్కూలు అయింది. పిల్లల ఇంటిభాష మరాఠీ, ప్రార్థన భాష హీబ్రూ, కొలువుల భాష ఇంగ్లీషు. మూడింటినీ ఒకే గదిలోకి తెచ్చిన బడి అది. రెబెకా రూబెన్ అనే విదుషి 1922 నుంచి 1950 దాకా దానికి ప్రధానోపాధ్యాయిని. కలకత్తాలో 1881లో యూదు బాలికల బడి, మరుసటి ఏడాది ఎలియాస్ మేయర్ ఉచిత పాఠశాల పుట్టాయి. యూదు కుటుంబాలు ఇజ్రాయెల్‌కూ, ఇంగ్లండుకూ తరలిపోయాక కూడా ఈ బడుల తలుపులు మూతపడలేదు. కలకత్తా యూదు బాలికల బడిలో ఇప్పుడు చదివేవాళ్ళలో అత్యధికులు ముస్లిం అమ్మాయిలు. తమ పిల్లలు లేకపోయినా పక్కింటి పిల్లల కోసం బడిని నిలబెట్టడం చిన్న సేవ కాదు.

ఇంతకీ ఆ చదువు ఎలా సాగుతుంది? ప్రపంచంలో చాలా యూదు హైస్కూళ్ళు రోజును రెండుగా పంచుతాయి. ఒక పూట తోరా అనే పవిత్ర గ్రంథం, తల్మూద్ అనే ధర్మశాస్త్ర చర్చల గ్రంథం, హీబ్రూ. ఇంకో పూట లెక్కలు, సైన్సు, చరిత్ర, సాహిత్యం. రెండు పూటల బరువూ పిల్లల మీదే పడుతుంది. అయినా ఆ బరువు మోయగలుగుతున్నారంటే, మొదటి పూట పాఠాన్ని పేర్చిన తీరే కారణం.

చాలాచోట్ల పిల్లలకు తల్మూద్‌లో మొదట చెప్పే అధ్యాయం ఒకటుంది. దేవుడి గురించో, సృష్టి గురించో కాదు, దారిలో దొరికిన వస్తువుల గురించి. ఏది దొరికితే మనం తీసుకోవచ్చు, ఏది దొరికితే నలుగురిలో చాటించి సొంతదారుకు అప్పగించాలి అన్నదే విషయం. చెల్లాచెదురుగా పడిన గింజలు, చెదిరిన నాణేలు, రహదారిలో పడిన చిన్న పనలు, దండగా గుచ్చిన చేపలు, మాంసం ముక్కలు దొరికినవాడివే. సంచిలో ఉన్న డబ్బు, పాత్రలో ఉన్న గింజలు, ఒకదానిమీద ఒకటి పేర్చిన మూడు నాణేలు మాత్రం చాటించి తీరాలి. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లవాడికి ఇందులో అర్థం కానిది ఏదీ లేదు. వాడికి రోజూ ఎదురయ్యేవే. ఇక్కడినుంచే మెల్లగా లోతుకు దింపుతారు. తేడా ఎక్కడుంది? వస్తువు మీద గుర్తు ఉందా లేదా? సొంతదారు దానిమీద ఆశ వదులుకున్నాడా లేదా? పోయిన సంగతే ఇంకా తెలియనివాడు ఆశ వదులుకున్నట్టు లెక్కా? ఈ చివరి ప్రశ్న మీద అబ్బయే, రావా అనే ఇద్దరు పండితులు పేజీలకు పేజీలు వాదించుకుంటారు. న్యాయశాస్త్ర కళాశాలలో చెప్పాల్సిన సంగతిని, రోడ్డు మీద దొరికిన నాణెంతో ఎనిమిదో తరగతి పిల్లవాడి చేత చర్చింపజేయడం గొప్ప నేర్పు.

ఆ అధ్యాయం మొదటి పేజీలోనే ఒక వాదన ఉంది. డెల్టా రైతుబిడ్డ ఎవరైనా ఇట్టే అందుకోగలిగినది. చెల్లాచెదురుగా పడిన గింజలంటే ఎన్ని గింజలు, ఎంత మేర? రబ్బీ యిత్జాక్ కొలత చెబుతాడు: నాలుగు మూరల మేర ఒక కాబు. కాబు అనేది ఆనాటి కొలపాత్ర. ఇది నూర్పిళ్ళు అయ్యాక కళ్ళం ఎత్తే వేళ సంగతని తల్మూదే వివరిస్తుంది. అంత మేర ఏరే శ్రమకు ఆ గింజలు గిట్టవు కనుక సొంతదారు వదిలేసి పోయినట్టే. అంతటితో పాఠం ముగిసిందనుకుంటాం. అప్పుడు రబ్బీ యిర్మెయా లేచి అడుగుతాడు. రెండు మూరల్లో అర కాబు ఉంటే? శ్రమ తక్కువ కనుక వదలడా, గింజలు మరీ కొన్నే కనుక వదిలేస్తాడా? ఎనిమిది మూరల్లో రెండు కాబులు ఉంటే? నువ్వులైతే? నువ్వులు ఖరీదైనవి, కానీ ఏరడం కష్టం. ఖర్జూరాలు, దానిమ్మలైతే? వాటికి ధర తక్కువ, ఏరడం తేలిక. వస్తువు విలువను, మనిషి శ్రమను రెండు చేతులతో పట్టుకుని, రెండింటినీ రకరకాలుగా మార్చి, ఏది మొగ్గుతుందో చూస్తున్నాడు ఆయన. సైన్సు ప్రయోగశాలలో మనం నేర్పే పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

మరి జవాబు? జవాబు లేదు. ఈ ప్రశ్నలు తేలలేదు, అలాగే ఉండనివ్వండి అని తల్మూద్ చెప్పేసి ముందుకు వెళ్తుంది. దాదాపు పదిహేను వందల ఏళ్ళుగా ఆ ప్రశ్నలు ఆ పేజీలో అలాగే ఉన్నాయి. తేలని ప్రశ్నను పాఠ్యపుస్తకంలో దాచకుండా అచ్చువేసి, ఏటా కొత్త పిల్లల ముందు పెట్టే ధైర్యం ఎన్ని చదువులకు ఉంది?

ఆ పేజీ అమరికలోనూ గొప్ప పనితనం ఉంది. వెనిస్‌లో డేనియల్ బోంబర్గ్ అనే క్రైస్తవ ముద్రాపకుడు 1520 నుంచి 1523 వరకు అచ్చువేసిన ప్రతుల నుంచి అది స్థిరపడింది. పేజీ నడిమధ్య మూలం. అందులో క్రీ.శ. 200 ప్రాంతపు మిష్నా, దాని మీద తర్వాతి శతాబ్దాల చర్చ అయిన గెమారా ఉంటాయి. కుట్టు వైపు రాషి వ్యాఖ్య. ఆయన ఫ్రాన్సులో ఉండేవాడు, 1105లో చనిపోయాడు. మూలం ఎక్కడ తడబడేలా ఉంటుందో సరిగ్గా అక్కడ నాలుగు మాటలు అందిస్తాడు, అంతకు మించి మాట్లాడడు. అంచు వైపు ఆయన మనవలు, వాళ్ళ శిష్యుల వ్యాఖ్యలు. వాళ్ళు తాతనే నిలదీస్తారు. మీరు ఇక్కడ ఇలా అన్నారు, మరి ఫలానా చోట మూలం ఇంకోలా ఉందేం అని అడుగుతారు. గురువును ఎదిరించిన శిష్యుడి మాటను గురువు మాటతో సమానంగా అదే పేజీలో నిలబెట్టారు. పిల్లవాడు పుస్తకం తెరవగానే అతని కంటికి కనిపించేది అదే. పెద్దలను గౌరవించడమంటే వాళ్ళతో శ్రద్ధగా వాదించడం కూడా అని అతనికి ఎవరూ వేరే చెప్పక్కర్లేదు.

ఇలాంటి ఆకులు మొత్తం 2,711. ఏ దేశంలో అచ్చయినా ఏ ఆకు మీద ఏ చర్చ ఉంటుందో మారదు. అందుకే 1923లో రబ్బీ మేయిర్ షపీరో రోజుకు ఒక ఆకు చదివే పద్ధతి ప్రతిపాదించినప్పుడు, ప్రపంచమంతా ఒకే రోజు ఒకే ఆకు చదవడం సాధ్యమైంది. దాదాపు ఏడున్నరేళ్ళకు ఒక ఆవృత్తి పూర్తవుతుంది.

ఈ చదువు ఒంటరిగా సాగదు. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చుంటారు. ఒకరు పైకి చదువుతారు, రెండోవారు అడ్డుపడతారు. చదివినవాడు సమర్థించుకోవాలి, లేదా ఒప్పుకోవాలి. గది నిండా ఇలాంటి జంటలే కనుక హోరు హోరుగా ఉంటుంది. ఉపాధ్యాయుడు ఆ హోరులో తిరుగుతూ, ఏ జంట దగ్గర గొంతు తగ్గిందో అక్కడ ఆగుతాడు. దీనికి భిన్నంగా, విజయవాడ చుట్టుపక్కల హాస్టళ్ళలో స్టడీ అవర్ అంటే నిశ్శబ్దం. తల వంచుకుని ఎవరి మెటీరియల్ వాళ్ళు బట్టీ వేయడం. మాట్లాడితే తప్పు. మన పిల్లలు తెలివితక్కువవాళ్ళు కారు. వాళ్ళకు ఎదురుగా కూర్చుని ‘ఎందుకని?’ అని అడిగే తోడు కరువైంది.

పైకి చదవడంలో ఉన్న పనితనం తోరా చుట్ట దగ్గర ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆ చుట్టలో 3,04,805 అక్షరాలు, అన్నీ చేతిరాతే. ఒక్క అక్షరం చెడినా, దాన్ని సరిదిద్దేదాకా ఆ చుట్టను చదవడానికి వాడరు. హీబ్రూలో ఇరవై రెండు హల్లులు. అచ్చులను చుక్కలతో, గీతలతో హల్లు కిందా పైనా చూపిస్తారు. చుట్టలో మాత్రం ఆ చుక్కలు ఉండవు, విరామ చిహ్నాలు ఉండవు, రాగం చూపే గుర్తులూ ఉండవు. తలకట్లు, గుడులు, కొమ్ములు అన్నీ చెరిపేసిన తెలుగు పుటను తప్పు లేకుండా, రాగంతో చదవమన్నట్టే ఇది. పదమూడేళ్ళు నిండిన పిల్లవాడు సభలో నిలబడి దీన్ని చదవాలి. అందుకోసం తయారుచేసిన అభ్యాస పుస్తకంలో ఒక్కో పేజీకి రెండు నిలువు వరుసలు. ఒక వరుసలో చుక్కలు, రాగచిహ్నాలతో పాఠం, పక్క వరుసలో చుట్టలో ఉన్నట్టే ఏ ఆధారమూ లేని పాఠం. పిల్లవాడు ఈ వరుస చదివి, ఆ వరుసలో పరీక్షించుకుని, తడబడితే మళ్ళీ ఇటు వస్తాడు. సాయం పక్కనే ఉంది, కానీ కన్ను తిప్పితేనే అందుతుంది. నేర్పడానికి ఇంతకన్నా పొదుపైన సాధనం నాకు తెలియదు. సభలో తప్పు చదివితే వింటున్నవాళ్ళు అక్కడికక్కడే సరిదిద్దుతారు, పిల్లవాడు మళ్ళీ చదువుతాడు. అందులో అవమానమేమీ లేదు. పవిత్ర గ్రంథాన్ని కాపాడటం అందరి పని.

ఆ చుట్ట దేని మీద రాస్తారో కూడా చెప్పుకోవాలి. తోలు మీద. పశువు చర్మాన్ని సున్నంలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, చట్రానికి బిగించి సాపు చేస్తారు. గీతలు గీసి, పక్షి ఈక కలంతో, మాచికాయ, జిగురు కలిపి కాచిన నల్ల సిరాతో రాస్తారు. తోలు పలకలను పశువు నరాల దారంతోనే కుడతారు. సున్నపు తొట్టి, గీకుడు కత్తి, నరపు దారం ఈ డెల్టాలో ఎవరికి తెలుసు? తంగేడు చెక్కతో తోళ్ళు ఊనిన మాదిగ పెద్దలకు తెలుసు. ఆ పని చేసినందుకే వాళ్ళను ఊరికి వెలుపల ఉంచారు. అదే పని ఇంకో చోట అత్యంత పవిత్రమైన అక్షరాలను మోస్తోంది. కొత్తరెడ్డిపాలెం పిల్లవాడు తోరా చుట్ట గురించి నేర్చుకునేటప్పుడు ఈ సంగతీ నేర్చుకుంటే, తాత చేతుల విలువ అతనికి ఏ ఉపన్యాసమూ లేకుండా తెలుస్తుంది.

ఇక సమాజసేవ. చాలా యూదు హైస్కూళ్ళలో పట్టా అందుకోవాలంటే ఇన్ని గంటలు సేవ చేసి ఉండాలన్న నియమం ఉంటుంది. ఆ గంటల వెనక పాత శాస్త్రం ఉంది. పొలం కోసేటప్పుడు మూల కోయకుండా పేదలకు వదలాలని, రాలిన వెన్నులు ఏరుకోకూడదని, మరిచిపోయిన పన కోసం వెనక్కి వెళ్ళకూడదని తోరా నియమం. మనం పరిగె అంటామే, ఆ పరిగెకు అక్కడ చట్టం ఉంది. వారాల పండుగ నాడు చదివే రూతు కథ అంతా పరిగె ఏరుకోవడానికి పరాయి పొలానికి వచ్చిన ఒక విధవరాలి కథే. మిష్నా దీన్ని లెక్కలోకి దించింది. వదిలే మూల పంటలో అరవయ్యో వంతుకు తగ్గకూడదు. ఎకరాకు ముప్పై బస్తాలు పండితే అర బస్తా. పొలం పెద్దదైతే, పేదలు ఎక్కువైతే, పంట బాగుంటే ఇంకా ఎక్కువ. రాలిన వెన్నులు రెండైతే పేదలవి, మూడైతే రైతువి అని హిల్లేలు సంప్రదాయం. మూడు వెన్నులున్నా పేదలవేనని షమ్మాయి సంప్రదాయం. ఒక్క వెన్ను మీద రెండు గురుకులాలు వాదించుకున్నాయి! పేదవాడి హక్కును అంత నికరంగా కొలిచాయి. ఆ మూల పంటను ఫలానావాడికే ఇస్తానని రైతు ఎంచడానికి వీల్లేదు. పేదలే వచ్చి కోసుకుంటారు. అందులో ఇచ్చేవాడి దయ ప్రసక్తే లేదు.

పన్నెండో శతాబ్దంలో మైమొనిదీస్ ఈ నియమాలన్నిటినీ క్రోడీకరిస్తూ దానానికి ఎనిమిది మెట్లు చెప్పాడు. మొహం ముడుచుకుని ఇవ్వడం అట్టడుగు మెట్టు. ఎవరిచ్చారో, ఎవరు తీసుకున్నారో ఒకరికొకరికి తెలియకుండా ఇవ్వడం చాలా పై మెట్టు. అన్నిటికన్నా పైది అప్పిచ్చో, వ్యాపారంలో భాగం ఇచ్చో, పని చూపించో, మళ్ళీ చేయి చాచే అవసరం లేకుండా నిలబెట్టడం. హైస్కూలు పిల్లలు వృద్ధాశ్రమానికి వెళ్ళివచ్చాక ఈ మెట్ల జాబితా ముందు పెట్టుకుని తాము చేసింది ఏ మెట్టు మీద నిలుస్తుందో వాదించుకోవచ్చు. అలా చేస్తే సేవ ఫొటోతో ముగియదు, చదువులో భాగం అవుతుంది. మన బడుల్లో సేవ అంటే చీపుర్లు పట్టి ఒక ఫొటో దిగడం దగ్గరే ఆగుతోంది. పైగా కొత్తరెడ్డిపాలెంలో ఈ పాఠానికి ఇంకో లోతు ఉంది. అక్కడ కూలినాలి చేసుకునే ఇళ్ళకు పరిగె ఏరడం పుస్తకాల్లో చదివిన సంగతి కాదు. తమ తల్లులు వంగి ఏరిన వెన్నుకు హక్కు అనే పేరుందని తెలుసుకున్న పిల్లలు వాళ్ళు.

విహారయాత్రలకూ ఇదే పద్ధతి. ఇజ్రాయెల్ బడుల్లో యాత్ర చదువులో భాగం. కొండ ఎక్కి, ఆ కొండ గురించిన పాఠాన్ని అక్కడే తెరిచి చదువుతారు. డెల్టా పిల్లలకు అలాంటి యాత్ర చేయించాలంటే మొదటి మజిలీ దూరమేమీ కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గని ఉండేది. ఇప్పుడా ప్రాంతం పులిచింతల నీటి కింద ఉంది. పదిహేడో శతాబ్దంలో లండన్ నుంచి వచ్చిన పోర్చుగీసు మూలాల యూదు వర్తకులు పగడాలు, వెండి తెచ్చి గోల్కొండ వజ్రాలు కొనుక్కునేవారు. వాళ్ళలో జాక్వెస్ డి పైవా 1687లో మద్రాసులో కన్నుమూశాడు. 1688లో మద్రాసు నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు ఆల్డర్మన్లలో యూదు వర్తకులూ ఉన్నారు. కొల్లూరు వైపు నుంచి హైదరాబాదు. యూదుడిగా పుట్టి ముస్లిం సూఫీగా పేరుపొందిన సర్మద్ 1640లలో అక్కడ ఉన్నాడు. అతని శిష్యుడు అభయ్‌చంద్ అనే హిందూ యువకుడు. ఆ శిష్యుడు పారశీకంలోకి తెచ్చిన తోరా భాగం ‘దబిస్తాన్’ అనే గ్రంథంలో చేరింది. ఒక హిందూ శిష్యుడు, ఒక యూదు గురువు, హీబ్రూ మూలం, పారశీక అనువాదం అన్నీ ఆనాటి గోల్కొండ రాజ్యంలో కలిశాయి! ఆ తర్వాత కొచ్చిన్, మట్టంచేరిలో 1568 నాటి పరదేశి సినగాగు, దాని నేల మీద చైనా నుంచి తెప్పించిన నీలి తెలుపు పలకలు. ఏ రెండు పలకలూ ఒక్కలా ఉండవని చెబుతారు. పిల్లలను నేల మీద కూర్చోబెట్టి నిజమో కాదో చూడమనాలి.

ఈ చదువులో పనితనం ఎక్కడుందంటే, మూడు పనులను ఒకే మూసలో పోయడంలో ఉంది. పుస్తకం ముందు పెట్టుకున్నా, ఊరు తిరిగినా, సేవ చేసినా పిల్లవాడి ముందు ఒక కొలత ఉంటుంది, ఎదురుగా వాదించే తోడు ఉంటాడు, తేలని ప్రశ్న ఒకటి మిగులుతుంది. దీనికి పెద్ద భవనం అక్కర్లేదు, ఫీజు అక్కర్లేదు. యూదుడే కానక్కర్లేదు. రెండు బల్లలు ఎదురెదురుగా వేస్తే చాలు.

డెల్టా ఉపాధ్యాయులకు నా మనవి ఇదే. వచ్చే నూర్పిళ్ళకు మీ ఎనిమిదో తరగతి పిల్లలను ఊరి కళ్ళానికి తీసుకెళ్ళండి. నాలుగు మూరల మేర గింజలు చల్లి, ఇవి ఎవరివో ఇద్దరిద్దరిగా తేల్చమనండి. కోసిన చేలో పరిగె ఏరే ఆడవాళ్ళతో మాట్లాడించి, అరవయ్యో వంతు లెక్క కట్టించండి. వీలైతే కొత్తరెడ్డిపాలెం పెద్దలను ఒకరోజు బడికి పిలిచి, వాళ్ళు అక్షరాలు ఎలా నేర్చుకున్నారో పిల్లలకు చెప్పించండి. మన పక్క ఊళ్ళోనే ఉన్న ఈ చదువును గౌరవించడానికి అంతకన్నా మంచి మార్గం లేదు.